దస్తూరి ఎవరి సొత్తు?

మన యూళ్లలో కూడికలకు కొదువ లేదు. భజనసమాజము లున్నవి; చీటీపాటల సంఘము లున్నవి; క్రికెట్టు ఆడువారికి జట్లున్నవి; వేకువను నడకకు బోవువారు సైతము ఒక సంఘముగా నేర్పడి యేటేట విందు చేసికొనుచున్నారు. వీనిని తప్పుపట్టువారు లేరు. కాని జగ్గయ్యపేటలోనో నందిగామలోనో పదిమంది చేరి, వారమున కొక సాయంకాలము కూర్చుండి, చక్కగా అక్షరములు వ్రాయుట నేర్చుకొందమని యెవరైన ననినచో వినువారు మొదట నవ్వుదురు, పిమ్మట "ఇంతకన్న పని లేదా?" యని యడుగుదురు. ఆ నవ్వునకును ఆ ప్రశ్నకును బదులు చెప్పుటకే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము. 2022 నుండి యీ రెండు పట్టణములును ఎన్‌టీఆర్ జిల్లాలో చేరినను పెద్దలనోట నిది యింకను మెట్టకృష్ణయే. ఈ సీమలో అక్షరగోష్ఠులు వెలయవలెననియు, అవి తీఱిక గలవారి వినోదములు గాక యెల్లరి కూడికలుగా నుండవలెననియు మా పక్షము.

పని లేదా యనువారు తమ యూరి చరిత్రమునే మఱచినవారు. జగ్గయ్యపేటచెంత ధనబోడను దిబ్బమీది బౌద్ధస్తూపమును 1882 లో బర్జెస్ దొర పరిశోధించెను. అచ్చటి ఆయకస్తంభములమీద దొరకిన శాసనములు ఇక్ష్వాకురాజగు వీరపురుషదత్తుని యిరువదవ పాలనసంవత్సరమునాటివి. అనగా క్రీస్తుశకము మూడవ శతాబ్దమునకు చెందినవి. భాష ప్రాకృతము, లిపి బ్రాహ్మి. వేలగిరియందలి మహాచైత్యపు తూర్పువాకిట ఐదు స్తంభములు నిలిపిన సంగతి యందున్నది. నిలిపిన వాడు రాజు కాడు, మంత్రి కాడు, వర్తకుడు కాడు. నాగచంద్రుడను శిల్పి కొడుకగు సిద్ధార్థుడను శిల్పి. అతడు తల్లిని, భార్యను, కొడుకును, కూతురును, తమ్ముని కుటుంబమును పేరుపేరున జెప్పి, తన కులమువారితోను చుట్టములతోను స్నేహితులతోను గూడి, సర్వప్రాణుల మేలుకొఱకు ఆ స్తంభములను నిలిపెను. ఆ యక్షరముల సొగసు చూడదగినది. నిలువుగీతలు అడుగున తీగలవలె సాగి వంపుతిరుగును. గుడులు పైకెగసి చుట్టుకొనును. చదువుటకు మాత్రమే యైనచో ఇంత వంపు పనిలేదు. అక్షరమును ప్రేమించినవారు గనుక అట్లు చెక్కిరి. పదునేడువందల యేండ్లనాడు ఒక చేతిపనివాని యింటి యాడువారి పేర్లు సైతము అంత యందముగా రాతి కెక్కిన యూరిలో, నేడు అందముగా వ్రాయుదమనుట నవ్వులాట యైనది!

అయితే ఆ వ్రాత తరువాతి కాలమున అందఱి సొత్తుగా నిలువలేదు. గ్రామపు లెక్కలు కరణముచేతి కట్టలలో నుండెడివి. ఆయన గొలుసుకట్టు వ్రాత రైతుకు కొఱుకుడు పడెడిది కాదు. రైతు వ్రేలిముద్ర వేసెడివాడు. ఆ ముద్ర యేమాటక్రింద పడెనో యెఱుగక యింటికి బోయెడివాడు. తన పొలము తనదని చెప్పు కాగితమును తాను చదువలేని వానికి ఆ పొలముమీద ఎంత ధీమా యుండును? అర్థముగాని దస్తూరి కూడ నొక అధికారమే. కరణీకము 1984 లో రద్దయినది. ఆ కట్టల నడుమ నలిగిన బ్రతుకుల కథ మాత్రము మెట్టలో నేటికిని పెద్దలు చెప్పుచునే యున్నారు.

ఇక స్త్రీల సంగతి. ఆడుదానికి వ్రాత వచ్చినచో చాటుగా జాబులు వ్రాయునని భయపడిన యిండ్లు మన దేశమున లెక్కకు మిక్కిలి. అట్టి కాలమున, నందిగామకును జగ్గయ్యపేటకును నడుమ, మునియేటి యొడ్డున నున్న పెనుగంచిప్రోలున 1874 లో భండారు అచ్చమాంబ జన్మించినది. ఆమె పాఠశాల కేగి చదువలేదు. తమ్ముడగు కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి చదువుతోపాటు ఇంటనే నేర్చినది. అట్లు నేర్చిన చేతితో "అబలా సచ్చరిత్ర రత్నమాల" వ్రాసినది. 1902 లో "ధనత్రయోదశి" యను కథ వ్రాసినది. ఆ యేటనే బందరులో స్త్రీసమాజము నెలకొల్పినది. 1905 లో ముప్పదియొక యేండ్లయిన నిండకుండ కన్నుమూసినది. ఒక పల్లెటూరి బాలిక యింటి మూలన కూర్చుండి దిద్దుకొన్న అక్షరములు ఎంతదూరము పోయినవో చూడుడు. వ్రాత యలంకారమనువారు ఆమె చరిత్రము నొకసారి తలచుకొందురుగాక.

కరణము కట్ట తొలగినది. ఆడుపిల్లలు బడికి బోవుచున్నారు. కలము అందఱిచేతికి వచ్చినది. సరిగా ఈ సమయముననే మనము దానిని క్రింద పెట్టుచున్నాము. మాకు తెలిసిన యొక యింట పదవతరగతిలో మంచి మార్కులు తెచ్చుకొన్న బాలిక యున్నది. ఆమె యమ్మమ్మ మూడవతరగతితో చదువు మానిన మనిషి. ఆ ముసలామె పోయిన పిమ్మట పెట్టెలో నొక నోటుపుస్తకము దొరకినది: మంగళహారతులు, ఊరగాయల కొలతలు, ఎవరికెంత బదులిచ్చినదో ఆ లెక్కలు, నడుమ నడుమ తన మనసులోని మాటలు. మనుమరాలు రెండు పంక్తులు కూడబలుకుకొని, "నీవే చదివి చెప్పమ్మా" యని తల్లిచేతి కిచ్చినది. తప్పు ఆ బిడ్డది కాదు. ఇంగ్లీషు అక్షరములకు నాలుగు గీతల కాపీ కొనియిచ్చి, కలిపివ్రాత నేర్పుటకు రుసుము గట్టి ప్రత్యేక తరగతికి బంపిన తలిదండ్రులు, తెలుగుమాటకు వచ్చుసరికి "పాసయిన చాలును" అనిరి. తెలుగులో ఒత్తు అక్షరముక్రింద వ్రాయవలెను. దానికి పంక్తుల నడుమ ఎక్కువ యెడము కావలెను. ఈపాటి సంగతి గుర్తించి గీతలు గీసిన పుస్తకము ఎన్ని యిండ్లలో నున్నది? పాఠశాలలలోనో, వ్రాత యొక శిక్షయైనది. అల్లరి చేసిన వానిచేత ఒకేమాట నూఱుసార్లు వ్రాయింతురు. అన్నము పెట్టుటయే దండనగా జేసిన యింట బిడ్డకు ఆకలి పుట్టునా?

ఇప్పుడు ప్రతిపక్షులమాట విందము. యంత్రము వచ్చినది, వ్రేలు తాకించిన అక్షరము పుట్టుచున్నది, చేతికి శ్రమ యేల యని కొందఱందురు. యంత్రముపై మాకు ద్వేషము లేదు. 1991 లో యూనికోడు సంకేతములలో తెలుగునకును చోటు దొరకుటచేతనే నేడు మన భాష లోకమంతట తిరుగుచున్నది; అది గొప్ప మేలు. కాని యంత్రములోని యక్షరమునకు తల్లి చేతివ్రాతయే. బాపుగారి (1933–2014) దస్తూరి కంప్యూటరు అక్షరములుగా మాఱి ఇన్ని శుభలేఖలమీదను పుస్తకములమీదను నిలిచినదన్నచో, ముందు ఒక మనిషి కుంచె పట్టినందుననే గదా! చేతులన్నియు మొద్దువాఱిన పిమ్మట క్రొత్త యక్షరము ఎక్కడనుండి వచ్చును?

మఱియు, చేతివ్రాత పోలేదు, చెడినది మాత్రమే. మన పిల్లలు నేటికిని పరీక్షలు చేతితోనే వ్రాయుచున్నారు. వైద్యులు మందుల పేర్లు స్పష్టముగా వ్రాయవలెనని భారతీయ వైద్యమండలి 2016 లో నియమము చేసినది. చదువ శక్యమగు మందుచీటిని పొందుట జీవించు హక్కులో భాగమని పంజాబు హర్యానా ఉన్నత న్యాయస్థానము 2025 లో పలికినది. చీటీలను కంప్యూటరుపై సిద్ధపఱచు ఏర్పాటు చేయుమనుచునే, వైద్యవిద్యార్థులకు చేతివ్రాత నేర్పుమనియు జెప్పినది. న్యాయమూర్తులకు తోచిన యీ సంగతి మనకు తోచకుండుట యెట్లు? నార్వే దేశమున 36 మంది విద్యార్థులను పరీక్షించి 2024 లో ప్రకటించిన పరిశోధనలో, మీటలు నొక్కునప్పటికంటె చేతితో వ్రాయునప్పుడు మెదడులోని వేఱువేఱు భాగములు ఎక్కువగా కలిసి పనిచేయుచున్నట్లు తేలినది. ముప్పదియాఱుగురితో సర్వము తేలిపోయెనని మేమనము. కాని ఇసుకలో ఓనమాలు దిద్దించిన మన పెద్దలు వట్టి వెఱ్ఱివారు కారని యనుటకు అది చాలును.

రెండవ యాక్షేపము బలమైనది. "ఇది పొట్ట నిండినవారి ముచ్చట, ఖరీదైన కలములు, రంగురంగుల సిరాలు కొని, పటములు వ్రాసి గోడలకు దగిలించుకొని, ఒకరినొకరు మెచ్చుకొనుటకు సంఘమేల?" యని వారందురు. అక్షరగోష్ఠి అట్టిదే యైనచో దానిని మొదట ఖండించువారము మేమే. కాని అట్లు కాకుండ చేయుట మనచేతిలో నున్నది.

విజయవాడనుండి హైదరాబాదునకు బోవు రహదారిమీద ఈ రెండు పట్టణములును ఉన్నవి. ఒకప్పుడు ఆ దారి పొడుగున దుకాణముల బోర్డులు, లారీల వెనుక రేకులు, గోడలమీది సిమెంటు ప్రకటనలు, బడుల పేర్లు, సినిమా తెరల ప్రకటనలు అన్నియు కుంచెపట్టిన చేతులు వ్రాసినవే. సుద్దముక్కతో రెండు గీతలు గీసి, నిచ్చెనమీద నిలువబడి, నిలువెత్తు అక్షరమును వంకర లేకుండ దింపిన పనివాండ్రు ప్రతి పట్టణమునను ఉండిరి. ఫ్లెక్సీలు వచ్చినవి, వారి కుంచెలు ఎండినవి. కొందఱు ఇండ్లకు సున్నము వేయ బోయిరి, కొందఱు కూలికి బోయిరి. వారిని మనము కళాకారు లనలేదు. "బోర్డులు రాసేవాడు" అంటిమి. సిద్ధార్థుని శాసనమును పొగడుచు, సిద్ధార్థుని వంటి పనివానిని వాకిటనే నిలువబెట్టిన సమాజము మనది. మా గోష్ఠిలో గురుపీఠము వానిది. వచ్చిన ప్రతి సాయంకాలమునకు వానికి గౌరవముగా వేతన మీయవలెను. "అయ్యా" యని పిలువవలెను. పిల్లలచేత "మాస్టారూ" అనిపింపవలెను. ఇది చేయలేని సంఘము పుట్టకపోయినను నష్టము లేదు.

ఇతరదేశములవారు ఈ పనిని చిన్నదిగా నెంచలేదు. లండనులో ఎడ్వర్డు జాన్‌స్టన్ అనునాయన 1899 లో అక్షరలేఖనము నేర్పుటకు మొదలిడెను. ఆయన దిద్దిన యక్షరములే 1916 నుండి ఆ నగరపు భూగర్భరైళ్ల ఫలకములమీద వెలసినవి. ఆయన శిష్యపరంపర 1921 లో లేఖకుల సంఘముగా నేర్పడినది. అంత దూరమేల? హైదరాబాదులో 1931 లో పుట్టిన ఇదారా-ఎ-అదబియాత్-ఎ-ఉర్దూ తన భవనమున ఉర్దూ అందపువ్రాతకు తరగతులు నడిపినది. 1927 లో చెన్నపట్టణమున మొదలైన "ముసల్మాన్" అను ఉర్దూ దినపత్రికను కాతిబులు దశాబ్దములపాటు చేతితో వ్రాసియే అచ్చొత్తించిరి. మన యింటి ప్రక్కవారు తమ లిపికి ఇంత సేవ చేయగా, గుండ్రని ముత్యములవంటి లిపి గల మనము చేతులు కట్టుకొని కూర్చుండుట సిగ్గుగాదా?

మా కోరిక పెద్దది కాదు. గ్రంథాలయములోనో బడి వసారాలోనో ఒక చాప, నలుబదిమందికి సరిపడు కాగితములు, పాళీ కలములు, చెక్కిన వెదురుపుల్లలు, పలకలు, రెండు మూడు కుంచెలు. మొదటి నెల సున్న చుట్టుట. సున్న చక్కగా చుట్టగలవారు తెలుగు సగము వ్రాసినట్లే. పిమ్మట తలకట్టు, దీర్ఘము, గుడి, కొమ్ము, అటుపైని ఒత్తులు. చేయి కుదిరినవారికి పని యున్నది: ఇంటింట నున్న పాత నోటుపుస్తకములను తెచ్చి, గోష్ఠిలో బిగ్గరగా చదివి, శుద్ధప్రతి వ్రాసి ఆ యింటివారికే యిచ్చుట, అర్జీ వ్రాసికొనలేనివారికి వ్రాసి, చదివి వినిపించి, తరువాతి వారము వారిచేతనే సంతకము దిద్దించుట, బడిగోడమీద పిల్లలతో గూడ అక్షరములు వ్రాయుట, ఏడాదికొకసారి ధనబోడునకు నడచిపోయి సిద్ధార్థుని కథ చెప్పుకొనుట.

రెండు మూడు కట్టుబాట్లు మాత్రము తప్పవు. బహుమతులు వలదు, బహుమతి పెట్టిననాడు చేయి వణకువారు రారు, వారికొఱకే గదా యీ కూడిక. వేదిక వలదు, పూలదండలు వలదు. చాప ఒక్కటే యుండవలెను: కులము చూచి వేఱుచాప వేసిన యింటిలో అక్షరము దిద్దినను ఒకటే, దిద్దకున్నను ఒకటే. స్త్రీలకు ఇంటిపని తెమలు వేళనే గోష్ఠి వేళగా నుంచవలెను. మగవారు ఆ సాయంకాలము పొయ్యి చూచుకొనిన యెడల మఱియు మంచిది.

ఇట్టి చాపమీద ఒక ప్రక్క ఉద్యోగము విరమించిన ఉపాధ్యాయుడు, ఒక ప్రక్క మిరపకోతకు బోయివచ్చిన యామె, నడుమ ఎనిమిదవతరగతి బాలుడు కూర్చుండి ఒకే "క్ష" తో కుస్తీ పట్టుచున్నప్పుడు ఎవరి గొప్ప యేపాటిదో వారికే తెలియును. ముగ్గురి గీతయు వంకరపోవును; ముగ్గురును నవ్వుదురు. స్నేహమునకు ఇంతకన్న మంచి పునాదిని మే మెఱుగము. ఉపన్యాసములతో రాని సమత్వము ఒక్కొక్కప్పుడు కలిసి తప్పులు చేయుటవలన వచ్చును.

ఈ మాటలు చదువు సోదరీసోదరులారా, మీ యింటి పెట్టెలోను ఒక పాత నోటుపుస్తకము ఉండియే యుండును. ఈ యాదివారము దానిని వెలికి దీయుడు. మీ బిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టుకొని ఒక్క పుట చదివించి, దాని క్రిందనే నాలుగు పంక్తులు వ్రాయింపుడు. తరువాత ప్రక్కయింటి తలుపు తట్టి, వారి పుస్తకమును గూడ తెమ్మనుడు. రెండిండ్లవారు కూర్చున్నచో గోష్ఠి మొదలైనట్లే. చాప సంగతి పిమ్మట చూచుకొనవచ్చును.