లినక్స్ నిపుణుల దేశంలో విండోస్ ఏలుబడి

న్యూఢిల్లీ: ప్రపంచవ్యాప్తంగా బ్యాంకులు, విమానయాన సంస్థలు, టెలికాం కంపెనీల సర్వర్లను రేయింబవళ్లు కనిపెట్టుకుని ఉండే నిపుణులలో భారతీయుల సంఖ్య గణనీయం. ఆ సర్వర్లలో అత్యధికం లినక్స్‌పైనే నడుస్తున్నాయి. అయితే అదే నిపుణుని బల్లపై ఉండే కంప్యూటర్ మాత్రం సాధారణంగా విండోస్‌తోనే తెరుచుకుంటుంది. 50 లక్షల మందికి పైగా ఉపాధి పొందుతున్న భారత ఐటీ రంగంలోని ఈ వైరుధ్యానికి 2025 జూలై నాటి పరిణామం కొత్త ప్రాధాన్యం తెచ్చిపెట్టింది.

గుజరాత్‌లోని వాడినార్‌లో ఏటా 2 కోట్ల టన్నుల సామర్థ్యంగల చమురు శుద్ధి కర్మాగారాన్ని నిర్వహిస్తున్న నయారా ఎనర్జీపై యూరోపియన్ యూనియన్ ఆ నెల 18న ఆంక్షలు విధించింది. ఆ సంస్థలో రష్యాకు చెందిన రాస్‌నెఫ్ట్‌కు 49 శాతం వాటా ఉంది. కొద్ది రోజులకే మైక్రోసాఫ్ట్ నయారాకు ఈ-మెయిల్ తదితర సేవలను నిలిపివేసింది. నయారా ఢిల్లీ హైకోర్టును ఆశ్రయించింది. నెలాఖరుకు సేవల పునరుద్ధరణ జరిగింది.

అప్పుడు ఆగినవి ఇంటర్నెట్ ద్వారా అందే సేవలే గాని, కంప్యూటర్లలోని ఆపరేటింగ్ సిస్టమ్ కాదు. లినక్స్ ఉన్నంత మాత్రాన ఆ చిక్కు తప్పేదని చెప్పలేము. అయినప్పటికీ, భారత ప్రభుత్వం ఎలాంటి ఆంక్షలు విధించని సంస్థ రోజువారీ పనిపై విదేశీ కంపెనీకి ఎంత పెత్తనం ఉన్నదో ఆ ఉదంతం తేటతెల్లం చేసింది.

విధానాలకు కొరత లేదు

స్వదేశీ ప్రత్యామ్నాయం కోసం ప్రయత్నాలు కొత్తవి కావు. సి-డాక్ 2007లోనే తెలుగుతో సహా భారతీయ భాషలలో పనిచేసే 'బాస్' లినక్స్‌ను విడుదల చేసింది. ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కు ప్రాధాన్యమివ్వాలని కేంద్రం 2015లో తన శాఖలకు సూచించింది. రక్షణశాఖ కంప్యూటర్లలో విండోస్ స్థానే 'మాయా' అనే లినక్స్ రూపాన్ని ప్రవేశపెడుతున్నట్లు 2023లో వార్తలు వెలువడ్డాయి.

అయినా బల్లపై కంప్యూటర్ల విషయంలో మార్పు నామమాత్రమే. కారణం సాంకేతిక లోపం కన్నా అలవాటే. బజారులో కొనే కంప్యూటర్లలో అధిక భాగం విండోస్‌తోనే వస్తాయి. వ్యాపారులు, ఆడిటర్లు విరివిగా వాడే టాలీ విండోస్ కోసం తయారైనదే. ఐటీ ఉద్యోగి వాడేది సొంత కంప్యూటర్ కాదు, కంపెనీ ఇచ్చిన ల్యాప్‌టాప్. అందులో ఏముండాలో నిర్ణయించేది యాజమాన్యం, విదేశీ ఖాతాదారుల భద్రతా నిబంధనలు. పైగా విండోస్ లోపలే లినక్స్‌ను నడిపే సదుపాయాన్ని 2016లో మైక్రోసాఫ్ట్ కల్పించడంతో, ఇంజనీరు విండోస్‌ను వీడవలసిన అవసరం మరింత తగ్గింది.

కేరళ దారి వేరు

ఈ ధోరణికి భిన్నంగా నిలిచిన రాష్ట్రం కేరళ. అక్కడి ప్రభుత్వ పాఠశాలల కంప్యూటర్ విద్య మొదట విండోస్‌తోనే ఆరంభమైనా, ఉపాధ్యాయుల అభ్యంతరాలతో క్రమంగా లినక్స్‌కు మారింది. పదో తరగతి ఐటీ ప్రాక్టికల్ పరీక్ష సైతం దానిపైనే జరుగుతుంది. సుమారు 2 లక్షల కంప్యూటర్లకు లైసెన్సు రుసుములు తప్పడం వల్ల రూ.3,000 కోట్లు ఆదా కాగలదని అక్కడి ప్రభుత్వ సంస్థ 2019లో అంచనా వేసింది. అంతకన్నా ముఖ్యం, ముందుగా ఉపాధ్యాయులకు శిక్షణ ఇవ్వడం. హైదరాబాద్ కేంద్రంగా 'స్వేచ్ఛ' సంస్థ తెలుగులో లినక్స్‌ను రూపొందించినా, దానికి అటువంటి ప్రభుత్వ ఊతం లభించలేదు.

విండోస్ 10కు సాధారణ మద్దతును మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14న ముగించింది. విండోస్ 11కు తగిన హంగులు లేని పాత కంప్యూటర్లను మూలన పడేసి కొత్తవి కొనడమా, వాటిలోనే లినక్స్ నెలకొల్పడమా అన్నది కార్యాలయాలు, కళాశాలలు తేల్చుకోవలసిన అంశం. అయితే సాఫ్ట్‌వేర్ ఉచితమైనా నిర్వహణ ఉచితం కాదు. లైసెన్సులపై మిగిలే సొమ్ములో కొంత సిబ్బంది శిక్షణకు కేటాయించని పక్షంలో, కొత్త ప్రయత్నాలకూ 'బాస్' గతే పట్టవచ్చు.