వర్గమూలం మీద పొట్టి గీత

మా నాన్నగారు జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఇప్పటికీ సాయంత్రాలు ఊళ్ళో తెలుగు మీడియం పిల్లలకి లెక్కలు చెప్తుంటారు. ఆమధ్య చేత్తో రాసిన ప్రశ్నపత్రం ఓ డీటీపీ షాపులో టైపు చేయించారు. 16 ప్లస్ 9, ఆ మొత్తానికి వర్గమూలం కట్టాలి. జవాబు 5. అచ్చులో పైగీత 16 మీదే ఆగిపోయింది! సగం మంది 4కి 9 కలిపి 13 అని రాశారు. తప్పు వాళ్ళదా? అచ్చులో ఉన్నదే చేశారు పాపం.

"సాఫ్ట్‌వేరు వాడివి కదరా, నువ్వే చెయ్యి" అన్నారు నాన్నగారు. ఇదెంత పని అనుకున్నా. రెండు వీకెండ్లు పోయాయి :)

మొదట తెలుగూ, లెక్కల గుర్తులూ రెండూ ఉన్న ఒకే ఫాంటు కోసం వెతికా. అదే నా తప్పు. గుర్తు బొమ్మ ఉంటే సరిపోదు. గీత ఎంత సాగాలి, బ్రాకెట్టు ఎంత పెరగాలి, ఘాతాంకం ఎంత పైకెక్కాలి అనే కొలతల పట్టిక కూడా ఫాంటులో ఉండాలి. ఆఫీస్ 2007తో వచ్చిన కేంబ్రియా మ్యాథ్‌లో, ఉచితంగా దొరికే లాటిన్ మోడర్న్ మ్యాథ్, స్టిక్స్ టూ మ్యాథ్‌లలో అది ఉంది. మామూలు తెలుగు ఫాంటులో ఉండదు, ఉండక్కర్లేదు కూడా. జోడీ కుదిర్చితే చాలు.

నేను జీలేటెక్‌లో వాక్యాలకి మండలి, సూత్రాలకి స్టిక్స్ టూ పెట్టా. అయినా మూడు తిరకాసులు. స్క్రిప్టు తెలుగు అని చెప్పకపోతే వత్తులు విడిపోతాయి. సూత్రం మధ్యలో తెలుగు మాట మాయమవుతుంది, దాన్ని టెక్స్ట్ కమాండులో పెట్టాలి. వాక్యంలో 5 ఒకలా, సూత్రంలో 5 ఇంకోలా కనబడుతుంది, అందుకని లెక్కలో భాగమైన ప్రతి అంకెనీ సూత్రంలోనే రాయాలి.

క్నూత్ 1977లో తన పుస్తకం ప్రూఫులు నచ్చక ఏకంగా టెక్ తయారుచెయ్యడానికి కూర్చున్నాడు. మనం అంత కష్టపడక్కర్లేదు. తెలుగు మీడియం గురించి గంటలు గంటలు వాదించుకుంటాం కదా, అందులో ఒక్క గంట తీసి, పనిచేసే సెట్టింగుల ఫైలు ఒకటి మన ఊరి మాస్టారికి ఇచ్చి, పక్కన కూర్చుని నేర్పిద్దాం. మనకి ఫాంటు అంటే అందం. ఆ పిల్లలకి మార్కులు.

నాన్నగారి కొత్త ప్రశ్నపత్రంలో గీత 9 దాకా వచ్చింది. ఈసారి 13 రాస్తే మాత్రం తప్పు వాళ్ళదే!