అబూ హమూర్ కబుర్లు: సంచీ ఇచ్చేటప్పుడు ఫోటో ఎందుకు?



పోయిన శుక్రవారం ఆరాధన అయ్యాక చర్చి కాంప్లెక్సు గేటు బయట బండి కోసం నిలబడి ఉన్నాం. మా గుంపులో ఒక చెల్లెలు, వయసులో చిన్నదే గానీ మనసు మంచిది, ఉన్నట్టుండి అంది: "అక్కా, సూడాన్‌లో పిల్లలు అన్నం లేక చచ్చిపోతున్నారు. మనం ప్రార్థన చేసి ఇంటికెళ్లి బిర్యానీ తింటాం. తలా యాభై రియాళ్లు వేసుకుందాం. ఇక్కడ పని పోయినవాళ్లకి కిట్లు కడదాం, మిగిలింది సూడాన్‌కి పంపిద్దాం. ఇచ్చేటప్పుడు ఫోటోలు తీసి గ్రూపులో పెడితే ఇంకో పదిమంది ముందుకొస్తారు."

అన్నీ మంచి మాటలే. కానీ "ఫోటోలు" అనగానే నా ప్రాణం ఒక్కసారి 2020కి వెళ్లిపోయింది.

ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నా. ఆ ఏడాది కరోనాలో మా ఆయన కంపెనీ మూడు నెలలు జీతం ఆపేసింది. నాకింకా ఇక్కడ నర్సు లైసెన్సు రాలేదు. ఎవరో మా పేరు ఒక గుంపుకి ఇచ్చారు. వాళ్లు సంచీ తెచ్చారు: ఐదు కిలోల బియ్యం, కందిపప్పు, నూనె, ఉప్పు, కారం. దేవుడు పంపినట్టే అనిపించింది. సంచీ అందుకోబోతుంటే, "ఒక్క ఫోటో సిస్టర్, పంపినవాళ్లకి చూపించాలి" అన్నారు. మాస్కు ఉంది కదా అని నిలబడ్డా.

వారం తిరక్కుండా ఒంగోలు నుంచి అమ్మ ఫోన్ చేసింది. "ఆ పచ్చ చుడీదారు నేను కుట్టించిందే కదే?" అంది. ఆ ఫోటో ఎన్ని ఫోన్లు తిరిగిందో, చివరికి మా అమ్మ ఫోన్‌లోకే వెళ్లింది. ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడుకోలేదు. ఆ బియ్యం తిన్నాం, కృతజ్ఞత కూడా ఉంది. కానీ ఆ చుడీదారు మళ్లీ వేసుకోలేదు.

అందుకే ఆ చెల్లెలితో "ఫోటోలు వద్దమ్మా" అన్నా. ఆమె ఊరుకోలేదు. "సరే, ఫోటో వద్దు. సంచీలో ఒక ప్రార్థన కార్డయినా పెడదాం. మన దేవుడి పేరు చెప్పకుండా ఇస్తే మనకీ మామూలు సంస్థకీ తేడా ఏముంది?" అంది. న్యాయమైన ప్రశ్నే. దానికి మా ఒంగోలు కథే చెప్పా.

మా వైపు ఇప్పటికీ పెద్దవాళ్లు ధాత కరువు అంటారు. 1876 నుంచి 1878 దాకా మద్రాసు రాజ్యమంతా వానల్లేక మలమల మాడిపోయింది. లక్షల మంది పోయారు. చాలదన్నట్టు, 1877లో రిచర్డ్ టెంపుల్ దొర కరువు పనిలో కూలి తగ్గించేశాడు. మనిషికి రోజుకి ఒక పౌను గింజలు, పైన కాస్త డబ్బు. ఎండలో మట్టి మోసే మనిషికి అరకిలో కూడా లేని గింజలు! మద్రాసు ఆరోగ్యాధికారి కార్నిష్ ఇది చాలదని గట్టిగా వాదించాడు.

అప్పుడు ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఉన్నాడు. 1866లో వచ్చాడు. సర్వే పని నేర్చుకున్న మనిషి. ఆ విద్య ఇక్కడ పనికొచ్చింది. బకింగ్‌హామ్ కాలవలో మూడున్నర మైళ్లు తవ్వే కాంట్రాక్టు సర్కారు దగ్గర తనే తీసుకున్నాడు. ఆకలితో వచ్చినవాళ్లకి గుడిసెలు వేయించి, తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టి పని చేయించి కూలి ఇచ్చాడు. వచ్చినవాళ్లలో ఎక్కువమంది మాదిగలు. అడుక్కున్నట్టు కాకుండా కష్టం చేసి కూలి తీసుకున్నారు.

అసలు సంగతి ఇప్పుడు చెబుతా. ఆ పని జరుగుతున్నప్పుడు జనం బాప్తిస్మం ఇమ్మని అడిగారు. ఆయన వచ్చిందే మత ప్రచారానికి, సాయంత్రాలు అక్కడ బోధ కూడా జరిగేది. అయినా బాప్తిస్మం ఇవ్వలేదు. ఒక నెలా రెండు నెలలా? పదిహేను నెలలు! కూడు కోసం వచ్చారో దేవుడి కోసం వచ్చారో తేలాలంటే కూడు పంచడం ఆగాలి అనుకున్నాడు. సాయం డబ్బు అయిపోయాకే మొదలుపెట్టాడు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఆ లెక్క మా వైపు సండే స్కూలు పిల్లలు కూడా చెబుతారు. దానికి ముందున్న పదిహేను నెలల సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. నాకు ఆ పదిహేను నెలలే పెద్ద సాక్ష్యంగా కనిపిస్తాయి.

అంత చేసినా "బియ్యం క్రైస్తవులు" అన్న ఎగతాళి మన వాళ్లను వదల్లేదు. సంచీలో కార్డు పెట్టే ముందు ఆ మాట గుర్తుంచుకోవాలి. ఆకలితో ఉన్న మనిషి దేనికీ కాదనలేడు. కాదనలేని మనిషి అవునన్నా అది ఆయన మాట కాదు.

ఇక సూడాన్ సంగతి. అక్కడ 2023 ఏప్రిల్‌లో యుద్ధం మొదలైంది. 2024 ఆగస్టులో జంజం శిబిరంలో కరువు వచ్చిందని నిపుణులు అధికారికంగా ప్రకటించారు. మా వార్డులో సూడాన్ నర్సు ఒకామె ఉంది. వాళ్ల పేటల్లో కుర్రాళ్లు, ఆడవాళ్లు కలిసి ఉమ్మడి వంటశాలలు నడుపుతున్నారట. వాటిని తకియా అంటారు. పెద్ద డేగిసాల్లో పప్పో, జొన్న సంకటో వండి పంచుతారు. జొన్న సంకటి అనగానే నాకు మన ఊరే గుర్తొచ్చింది.

నర్సుగా ఒక మాట చెబుతా. బాగా చిక్కిపోయిన పిల్లలకు ఒక్కసారిగా కడుపునిండా పెడితే ప్రాణం మీదికి వస్తుంది. ఒంట్లో లవణాలు తారుమారై గుండె ఆగిపోవచ్చు. పరిస్థితి విషమించిన పిల్లలకు ఆసుపత్రిలో ముందు పలచటి పాలు కొంచెం కొంచెంగా పడతారు. కాస్త తేరుకున్నాక, ఆకలి వేస్తున్నాక వేరుశెనగ పేస్టు ఇస్తారు. వేరుశెనగ, పాలపొడి, చక్కెర, నూనె, విటమిన్లు కలిపి చేసేది. ఒక్కో పొట్లం 92 గ్రాములు, 500 కేలరీలు. నీళ్లు కలపక్కర్లేదు, వండక్కర్లేదు, పిల్లాడు నేరుగా చీకేస్తాడు. మన పల్లీ ఉండకి దూరపు చుట్టం అనుకోండి. మనం పాత బట్టలు, బిస్కెట్లు పార్శిల్ చేయడం కంటే, ఆ పని తెలిసినవాళ్లకి డబ్బు ఇవ్వడం మేలు అనేది ఇందుకే.

ఆ డబ్బు సంగతిలోనూ జాగ్రత్త. ఖతార్‌లో అనుమతి లేకుండా చందాలు వసూలు చేయకూడదు. వాట్సాప్‌లో "నా అకౌంట్‌కి వేయండి" అనడం మంచి మనసుతో చేసినా తప్పే. దీన్ని చూసుకోవడానికి 2014లోనే ప్రత్యేక సంస్థ పెట్టారు. అనుమతి ఉన్న సంస్థలకే ఎవరికి వారు ఇవ్వండి, రసీదు తీసుకోండి.

చివరికి మేం ఏం చేశామంటే, చందా మాట వదిలేశాం. సూడాన్‌కి ఎవరికి తోచింది వాళ్లు అనుమతి ఉన్న సంస్థల ద్వారా ఇచ్చుకున్నాం. ఇక్కడ మనకు తెలిసిన మూడు ఇళ్లకి మా వంటింటి సరుకుల్లోంచే తలా కొంచెం తీశాం. బియ్యం, పప్పుతో పాటు ఒక పచ్చడి సీసా, పాలపొడి, ఆడపిల్లలున్న ఇంటికి ప్యాడ్లు. వాళ్లు తినేది ఏమిటో ముందే అడిగాం. అందులో ఒక ఇంట్లో ముస్లిం చెల్లెలు ఉంది, హలాల్ చూసి కొన్నాం. ఫోటో లేదు, కార్డు లేదు.

ఆ చెల్లెలు సంచీలు ఇచ్చి వచ్చాక నాతో, "అక్కా, ఒకావిడ తలుపు తీసి ముందు నా చేతిలో ఫోన్ ఉందేమో చూసింది. లేదని చూశాకే లోపలికి రమ్మంది, టీ ఇచ్చింది" అని చెప్పింది.

ఆవిడ ఎందుకు చూసిందో నాకు తెలుసు.

మీ గ్రూపులో ఎవరైనా కిట్లు పంచుతుంటే ఈ ఒక్క మాట చేరవేయండి: పంపినవాళ్లకి లెక్క చూపించాలంటే బిల్లు ఫోటో తీయండి, మనిషిది వద్దు. మళ్లీ నెల కలుద్దాం. ఆరోగ్యం జాగ్రత్త, నీళ్లు బాగా తాగండి.