నీస్ నుంచి మెంతోన్ దాకా, మెల్లిగా

ఫ్రాన్స్‌లో నీస్ నుంచి మెంతోన్‌కు 30 కిలోమీటర్లే. పెద్ద రోడ్డులో అరగంట చాలు. మేం పొద్దంతా తీసుకున్నాం, అదే సరి అంటాను. కొండకి మూడు అంచెల్లో మూడు రోడ్లు. పైది నెపోలియన్ కాలంలో వేసింది. లా టుర్బీలో అగస్టస్ చక్రవర్తి స్మారకం పక్కన కారు నిలిపి, చిత్రాన్నం డబ్బా విప్పినాం. కింద మొనాకో, దాని వెనక నీలి సముద్రం.

అయినా నా మనసులో నిలిచింది పొద్దున చూసిన పాత నీస్ సందులు. వీధి పలకల్లో ఫ్రెంచి, దాంతోపాటు ఊరి సొంత మాట నిసార్. 1860లో ఆ ఊరు ఫ్రాన్స్‌లో కలిసింది. అంగడాయన్ని అడిగితే, "మా అవ్వ మాట్లాడేది" అన్నాడు. పలక వేస్తే భాష నిలుస్తుందా? ఇంట్లో నోట్లో ఉండాల. కన్నడ మీడియంలో చదివి, తెలుగు అక్షరాలు పెద్దయినాక నేర్చుకున్నవాణ్ణి, నాకా భయం ఉంది.

వెనక సీట్లోంచి పాప, "ఇన్నూ ఎష్టు దూర?" అనింది. "ఇంకొంచెమే తల్లీ, సముద్రం చూడు" అన్నా.