మూడు నెలల కరాటే వేళ్ళూనుతుందా?

గోదావరి పాయల మధ్య ఉన్న నగరం లాంటి కోనసీమ ఊళ్ళలో బడికెళ్ళే ఆడపిల్లలకు కరాటే నేర్పుతామంటే ఇవాళ కాదనేవాళ్ళు తక్కువే. పేచీ అంతా ఎన్నాళ్ళు నేర్పుతారు, ఎవరు నేర్పుతారు అన్న దగ్గరే వస్తుంది.

సమగ్ర శిక్షా కింద రాణీ లక్ష్మీబాయి పేరు పెట్టిన పథకం ఉంది. ప్రభుత్వ బడుల్లో ఆరు నుంచి పన్నెండో తరగతి దాకా ఆడపిల్లలకు మూడు నెలల శిక్షణ ఇస్తారు. ఇందుకోసం ఒక్కో బడికి నెలకు 5,000 రూపాయలు. గడువు తీరాక మాస్టారు తన దారిన తాను పోతారు. మళ్ళీ బడి తెరిచేసరికి పిల్లలకు ఏం గుర్తుంటుంది?

కరాటే పుట్టిల్లు ఒకినావా కూడా మారుమూల దీవే. 1879లో జపాన్ దాన్ని కలిపేసుకుంది. అక్కడ గురువులు గుట్టుగా కొద్దిమందికే నేర్పే ఈ విద్యను ఇతోసు అంకో అనే పెద్దాయన 1901లో ప్రాథమిక బడిలోకి తెచ్చాడు. పిల్లలకు అందేలా అయిదు చిన్న వరసలు కట్టాడు. ఆయన శిష్యుల్లో ఫునకోషి బడిపంతులు. 1922లో టోక్యో వెళ్ళి ప్రదర్శన ఇచ్చాడు. మన పట్టణాల్లో బోర్డుల మీద కనిపించే షోటోకాన్ ఆయనది, షిటోర్యూ మరో శిష్యుడు మబునిది. ఏటా బడిలో సాగింది కాబట్టే, నేర్చుకున్నవాళ్ళు నేర్పేవాళ్ళయ్యారు కాబట్టే అది నిలిచింది.

అలాగని ఇతోసుని నెత్తికెత్తుకోనక్కర్లేదు. ఈ విద్య సైన్యానికి పనికొస్తుందని 1908లో ఆయనే రాశాడు. ఆ లెక్కలో ఆడపిల్లల ఊసెక్కడ? మన దగ్గరా అంతే. 1980లలో సుమన్, భానుచందర్ సినిమాలతో ఊరూరా కరాటే మోజు పుట్టింది. తెర మీద తన్నేది హీరో, రక్షించమని అరిచేది చెల్లెలు.

కరాటేలో దెబ్బ వేసేటప్పుడు కడుపులోంచి గట్టిగా అరవాలి. దాన్ని కియాయ్ అంటారు. 'ఆడపిల్లవి, గొంతు లేపకు' అని వింటూ పెరిగిన పిల్లకు తన్ను కంటే ముందు ఆ అరుపే కష్టం. అది మూడు నెలల్లో వచ్చేది కాదు.

ఇంకో మాట. అత్యాచారం కేసుల్లో అత్యధికం తెలిసినవాళ్ళు చేసినవేనని జాతీయ నేర రికార్డుల బ్యూరో ఏటా చెబుతూనే ఉంది. బాబాయి వరసవాడి మీద, పాఠం చెప్పే సారు మీద గుద్దు ఎలా వెయ్యడం? కరాటే నేర్పాం కదా అని పోలీసులూ, బడీ, ఇల్లూ చేతులు దులుపుకోకూడదు. రేపు ఏదైనా జరిగితే 'నేర్చుకున్నావుగా, ఎందుకు కొట్టలేదు?' అని ఆ పిల్లనే నిలదీసే రోజు రానివ్వకూడదు.

అందుకే శిక్షణ ఏడాది పొడవునా డ్రిల్లు పీరియడులోనే సాగాలి. నేర్పేవాళ్ళు ఆడవాళ్ళై ఉండాలి, వీలైతే ఆ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళే. బ్లాక్ బెల్టు తెచ్చుకున్న అమ్మాయి పెళ్ళయ్యాక ఇంట్లో కూర్చోకుండా అదే బడికి మాస్టారై రావాలంటే నెలనెలా జీతం ఉండాలి. ఈసారి బడి తల్లిదండ్రుల కమిటీ సమావేశానికి వెళ్ళే మన కార్యకర్తలు ఈ జీతం సంగతి రాతపూర్వకంగా అడగాలి.