బొంబాయి టోస్టుపై అభియోగము

ఆదివారము ప్రొద్దున మన యిండ్లలో రొట్టెముక్కల నడుమ తీపి పెట్టి, చుట్టి, పాలు కలిపిన గ్రుడ్డుసొనలో ముంచి, నేతిలో వేచి పిల్లలకు పెట్టుట ఇటీవల పరిపాటి యైనది. దానిని చూచి తెలుగుతనము పొయ్యిపాలైనదని వాపోవు పెద్దలు మన సరిహద్దు సీమలో కొందరు కలరు. రొట్టె దొరలది, పేరు బొంబాయిది, ఇడ్లీ ఉప్మాలు విడిచి దీనిని పట్టుకొనుట మన ఆచారమును మనమే త్రోసివేయుట యని వారి వాదము. ఈ వాదము నిలువదని మా యభిప్రాయము. అది నిలువకపోవుటకన్న పెద్ద చిక్కు మరియొకటి యున్నది: మన వంటయింటిలో నిజముగా పోవుచున్నది వేరొకటి కాగా, ఈ వాదము మన చూపును రొట్టెవైపు మరలించుచున్నది.

మొదట ఉప్మా సంగతి చూతము. బొంబాయి టోస్టును నిందించు పెద్దమనిషి పళ్ళెములోని ఉప్మా దేనితో చేసినది? బొంబాయి రవ్వతో. ఆ పేరు పలుకునపుడు ఆయన నాలుక తడబడదు. దాని పోపులో చిటపటలాడిన మిరపకాయ అమెరికా ఖండమునుండి పోర్చుగీసువారి ఓడలలో 16వ శతాబ్దమున మన దేశమునకు వచ్చినది. ప్రక్కనున్న టమాట పచ్చడి, బంగాళాదుంప కూర ఆ ఖండపు సంతానమే. ఇక ఇడ్లీ మాటయా? ప్రాణహిత, గోదావరి ఒడ్డుల పల్లెలలో మన తాతముత్తాతలు తెల్లవారి తిన్నది సద్దియన్నము, జొన్న గటుక, అంబలి, రాత్రి మిగిలిన రొట్టె. ఇడ్లీపాత్ర ఈ పల్లెయిండ్లలో అడుగు పెట్టినది ఆ తరువాత ఎన్నటికో. దానిని అనాదియని నెత్తి కెత్తుకొని, దాని తరువాత వచ్చినదానిని మ్లేచ్ఛమని వెలివేయువారు ఆచారమును కాపాడుట లేదు. తమ బాల్యమున తిన్నదానిని కాపాడుకొనుచున్నారు. అది ప్రేమ కావచ్చును గాని ప్రమాణము కాదు.

రొట్టె పరాయిదనుట నిజమే. పులియబెట్టిన గోధుమపిండిని భట్టీలో కాల్చు విద్యను పోర్చుగీసువారు గోవాలో నెలకొల్పిరి. మరాఠీవారి ‘పావు’ అను మాట వారి భాషనుండి వచ్చినదే. హైదరాబాదువారు ఆ రొట్టెను డబల్ రొట్టె అనిరి. అంతటితో ఆగక, దానిని నేతిలో ఎర్రగా వేచి, పాకములోను పాలలోను నానవేసి, జీడిపప్పు చల్లి, డబల్ కా మీఠా యని పేరు పెట్టి పెండ్లివిందుల కెక్కించిరి. నేడు తెలంగాణమున హిందువుల పెండ్లిలోను ముసల్మానుల పెండ్లిలోను ఆ తీపి సర్వసాధారణము. పెండ్లిబంతిలో దానిని మారు వడ్డించుకొన్నవారు ఇంటిలో పిల్లవాని పళ్ళెమున రొట్టెను చూచి ముఖము చిట్లించుట ఏమి న్యాయమో మాకు బోధపడదు.

ఈ వంటకు ఒక దేశము సొంతదారు కూడ కాదు. రోమనుల పాకశాస్త్ర మొకటి అపీకియసు పేర చెలామణి యగుచున్నది, క్రీ.శ. 4, 5 శతాబ్దుల నాటి సంకలనమని పండితుల యూహ. అందులో గోధుమరొట్టె అంచులు తీసి, ముక్కలుచేసి, పాలలో నానవేసి, నూనెలో వేచి, తేనె పోసి వడ్డింపుమని కలదు. ఫ్రెంచివారు దీనిని ‘పోయిన రొట్టె’ అందురు. ఎండి పనికిరాకపోయిన రొట్టెను మరల తినదగినదిగా చేయుట వలన ఆ పేరు. జర్మనులకిది ‘బీద రౌతులు’. ఇంగ్లీషువారు ఫ్రెంచివారి పేరు తగిలించిరి. తెలుగు, తమిళ దేశములవారు బొంబాయి పేరు తగిలించిరి. ఎవరికి వారు దీనిని పొరుగువాని ఖాతాలో వ్రాసి తమ పొయ్యిమీద చేసికొనిరి.

బొంబాయి పేరు విని కోపించువారికి ఒక చిన్న చరిత్రవిషయము జ్ఞప్తికి తేవలసియున్నది. 1860లో నిజాము ప్రభువు గోదావరి ఎడమయొడ్డు తాలూకాలను ఇంగ్లీషువారికి వదలుకొనగా, సిరోంచ ఎగువ గోదావరి జిల్లాకు ముఖ్యపట్టణమైనది. 1874లో ఆ జిల్లా రద్దయి సిరోంచ చాందా జిల్లాలో చేరినది. 1956 నవంబరు 1వ తేదీన విదర్భతోపాటు బొంబాయి రాష్ట్రమున కలిసినది. 1960 మే 1వ తేదీన మహారాష్ట్రమున భాగమైనది. 1982 ఆగస్టులో గడ్చిరోలి జిల్లా ఏర్పడినది. ఏరు దాటిన కాళేశ్వరము నిజాము రాజ్యమున, హైదరాబాదు రాష్ట్రమున, ఆంధ్రప్రదేశమున ఉండి, 2014 జూన్ 2వ తేదీనుండి తెలంగాణమున ఉన్నది. ఇన్ని మార్పులలో మన తల్లులు ఏనాడును ఏరు దాటి కాపురము మార్చలేదు. రాజ్యములే వచ్చి గుమ్మము ముందు మారిపోయినవి. మూడున్నర యేండ్లపాటు మనము చట్టప్రకారము బొంబాయివారమే. తెలుగువారిలో ఎవరికైన బొంబాయి టోస్టుపై హక్కున్నచో అది ముందు సిరోంచ, అంకీస, అసరెల్లి వాసులకే చెల్లవలెను!

ఇక నడుమ పెట్టు తీపి. ఆక్షేపించువారు చూడవలసినది రొట్టెను కాదు, రొట్టె కడుపులోని పూర్ణమును. మన యిల్లాండ్రు అందులో పెట్టుచున్నది ఏ దేశపు తీపి? శనగపప్పు ఉడికించి, బెల్లము కలిపి, యాలకులు వేసి రుబ్బిన పూర్ణము, పోలెలలో పెట్టునదే. దానినే మరాఠీవారు పురణ్ అని పురణ్ పోళీలో పెట్టుదురు. పూర్ణము, పురణ్ అను రెండును ‘నింపుట’ యను అర్థముగల సంస్కృత ధాతువొకటినుండి వచ్చినవే. పోలె, పోళీ ఒక మాటకు రెండు ఉచ్చారణలు. (ఈ భక్ష్యపు ప్రాచీనతను స్థాపింపబోయి, మనుచరిత్రమును 14వ శతాబ్దపు విజ్ఞానసర్వస్వమని వ్రాసినవారు కలరు. అది కృష్ణదేవరాయల కాలమున, అనగా 16వ శతాబ్దమున, పెద్దన రచించిన ప్రబంధము. బొబ్బట్టు గౌరవమునకు ఇట్టి పొరపాటు సాక్ష్యము అక్కరలేదు.) శనగపప్పు లేనినాడు పచ్చికొబ్బరి, బెల్లము చాలును. మన యడవులు ప్రసాదించిన ఇప్పపువ్వు మరియును మేలు. ఫాల్గుణ చైత్రములలో తెల్లవారుజామున రాలిన పువ్వు ఏరి, కేసరములు దులిపి, ఎండబెట్టి దాచినచో, కావలసినపుడు నానబెట్టి, ఉడికించి, వేచిన నువ్వులతోను కొంచెము బెల్లముతోను దంచుకొనవచ్చును. మరాఠీవారికది మోహ, పేరు విన్నంతనే పలువురికి సారాయియే తోచును. ద్రాక్ష నుండియు సారాయి తీయుదురు. కిస్‌మిస్‌ను ఎవరు వెలివేసిరి?

చేయు విధము చెప్పెదము. ఎనిమిది రొట్టెముక్కలు తీసికొనవలెను. నిన్నటి రొట్టె శ్రేష్ఠము. నేటిది మెత్తనై చిరుగును. నాలుగంచులు కోసి, ఆ యంచులను పారవేయక ఎండబెట్టి పొడిచేసి ఉంచుకొనవలెను. ముక్కను పీటపై పరచి, అప్పడాల కర్రతో పలుచగా ఒత్తవలెను. ఒక అంచున చిటికెనవ్రేలి లావున పూర్ణము పెట్టి, చాపవలె చుట్టి, కొసను తడివ్రేలితో అదుమవలెను. పూర్ణము జారుగా ఉన్నచో ప్రక్కలనుండి కారును. బిరుసెక్కినచో రొట్టె పగులును. రెండు గ్రుడ్లు, అరగ్లాసు పాలు, చిటికెడు ఉప్పు, యాలకులపొడి గిన్నెలో వేసి గిలకొట్టి, చుట్టలను అందులో ముంచి వెంటనే తీయవలెను, నానవేసినచో చితుకును. పెనముపై నేయి కాగిన తరువాత అదిమిన వైపు అడుగున ఉండునట్లు పెట్టవలెను. అచ్చట గ్రుడ్డు ముందుగా గట్టిపడి అతుకును ఊడనీయదు. మంట సన్నగా ఉండవలెను. పెద్దమంటపై పైపొర మాడును, లోపలి తడి పచ్చిగానే యుండును. నలువైపుల త్రిప్పి ఎర్రగా వేచి, వేడిమీదనే దాల్చినచెక్కపొడి కలిపిన చక్కెరలో పొర్లించి, ఒక్కొక్కదానిని మూడు ముక్కలుగా కోసిన పిల్లల నోటికి సరిపోవును. గ్రుడ్డు తినని యిండ్లవారు పాలలో రెండు చెంచాల శనగపిండి ఉండలు కట్టకుండ కలిపి ముంచవచ్చును.

చక్కెర విషయమున ఆక్షేపించువారితో మేము ఏకీభవింతుము. లోపల బెల్లమున్నపుడు పైన చక్కెర వృథా. మధుమేహమున్న యింటిలో హానియు. నిత్యము చేయదగిన వంటయు కాదు. వారమున కొక్కసారి చాలును.

ఇపుడు పైన మేము వాడిన మాటలను పాఠకులు మరల చూడవలెను. పరచుట, ఒత్తుట, చుట్టుట, అదుముట, గిలకొట్టుట, ముంచుట, వేచుట, త్రిప్పుట, పొర్లించుట. జారు, బిరుసు, చితుకుట, మాడుట, కాగుట, ఉండలు కట్టుట. ఈ మాటలు ఏ పాఠ్యపుస్తకమునను పాఠముగా రావు. మన పిల్లలలో పెక్కుమంది చదువు మరాఠీలో సాగుచున్నది. పై తరగతులలో ఇంగ్లీషు చేరుచున్నది. అంగడిలో మరాఠీ, హిందీ వినబడును. అది మన యూరి పద్ధతి, దానితో మాకు తగవు లేదు. మరాఠీ మన యిరుగుపొరుగు భాష. గోండి, మాడియా భాషలవారు మనకన్న ముందునుండి ఈ నేలపై ఉన్నవారు. మరాఠీ నేర్చిన పిల్లకు భాజణే, తళణే, లాటణే తెలియుట మంచిదే. కాని కాల్చుటకును వేచుటకును గల భేదము తెలుగులో పలుకలేని పిల్ల, పదేండ్ల తరువాత తన బిడ్డతో పొయ్యి దగ్గర ఏ భాషలో మాటాడును?

నేడు జరుగుచున్న దేమి? తల్లి చేతిఫోనులో వంట చూచును. అది హిందీలో గాని ఇంగ్లీషులో గాని నడచును. ఒక్కొక్కపుడు మాటయే యుండదు, పాట మ్రోగుచుండగా రెండు చేతులు మాత్రము కదలును. ఆమె చూచి మౌనముగా చేయును. పిల్ల తన ఫోను చూచుచు తినును. తండ్రి పత్రికయో ఫోనో పట్టుకొని కూర్చుండును. అవ్వ మూలగదిలో నుండును. ఆమెకు గ్రుడ్డు వాసన పడదని తలుపు వేసియుందురు. పళ్ళెములో ఇడ్లీ ఉన్నను టోస్టు ఉన్నను అచ్చట తెలుగు మాట ఒకటియు పుట్టలేదు. అట్టి యింటిలో ఇడ్లీని చూచి తృప్తిపడి, టోస్టును చూచి గగ్గోలుపడు పెద్దమనిషి ఏమి కాపాడినట్లు?

ఇంటిల్లిపాదియు ఒక్కచోట చేరు పూట ఆదివారపు ప్రొద్దు ఒక్కటే. ఈ వంట ఇడ్లీవలె ఒకరు మూతపెట్టి కూర్చుండునది కాదు. ఒకరు ఒత్తవలెను, ఒకరు పూర్ణము పెట్టి చుట్టవలెను, ఒకరు ముంచవలెను, ఒకరు పెనము దగ్గర నిలువవలెను. ఎనిమిదేండ్ల పిల్లవాడు కూడ చుట్టగలడు. చేతులు నాలుగు కలిసినచోట మాట పుట్టక తప్పదు. “గట్టిగ ఒత్తకురా, చినుగుతది” అని అవ్వ యనును. “ఇంకో దిక్కు తిప్పు” అని తండ్రి యనును. అవ్వ గ్రుడ్డు ముట్టదేని పూర్ణము ఆమెకు అప్పగింపవలెను. పదును చూచుటకు ఆమెను మించినవారు ఇంటిలో లేరు. అందువలననే ఈ వంటను మేము సమర్థించుచున్నాము. రొట్టెమీది మోజుతో కాదు.

ఆక్షేపించువారు మాట యొక్కటి నిజము చెప్పిరి: సంఘములు చేతులు కట్టుకొని యుండరాదు. కాని చేయవలసినది తీర్మానము కాదు. ఉగాదినాడు వంటల పోటీ పెట్టువారు పట్టుచీరకును పళ్ళెపు టలంకారమునకును వేయు మార్కులలో సగము తగ్గించి, చేయుచున్నంతసేపును పిల్ల తన పనిని తెలుగులో చెప్పుటకు వేయవలెను. మన యూరి తెలుగైనను తప్పు పట్టరాదు. ‘వేయించుట’ యనక ‘ఏంచుడు’ అన్నదని నవ్వు న్యాయనిర్ణేతను వేదికపై కూర్చుండబెట్టరాదు. పూర్ణము శనగపప్పుదైనను కొబ్బరిదైనను ఇప్పపువ్వుదైనను ఒప్పుకొనవలెను. గెలిచిన పిల్లకు స్టీలుగిన్నెకు మారుగా ఒక నోటుపుస్తకము ఇచ్చి, అవ్వనోట విన్న వంటమాటలు వ్రాసి తెమ్మనవలెను. వానిని అచ్చువేయుటకు వచ్చే సంచికలో నాలుగు పుటలు వదలవలెను. వ్యాపార ప్రకటనలకు కేటాయించు పుటలలో నాలుగు తగ్గినను సంఘమునకు వచ్చు నష్టము స్వల్పము.