నేల టికెట్టు కావాలి

నంద్యాలకో, శ్రీశైలానికో సురభి నాటకాలు వస్తున్నాయంటే హాస్టల్లో మొదటి ప్రశ్న "మాయాబజార్ ఎప్పుడు?" రెండోది "టికెట్టు ఎంత?" వాళ్లు ఉండేది కొద్దిరోజులే. తప్పిపోతే మళ్లీ ఎప్పుడో!

1885లో మన పక్కనున్న కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచకవధ'తో మొదలైన కుటుంబాల నాటక సమాజం అది. తాత నుంచి మనవడి దాకా నాటకమే బతుకు. తెరలు, సెట్టింగులు, లైట్లు, లారీ బాడుగ అన్నిటికీ డబ్బు కావాలి. అందుకే ఉచిత పాసులు అడగడం నాకు నచ్చదు. అలాగని ముందు వరుస కుర్చీ ధర మనం పెట్టుకోలేం.

మిత్రులారా! వెనకటి సినిమా హాళ్లలోలాగా స్టేజీ ముందు చాపలు పరిచి, విద్యార్థులకు నేల టికెట్టు పెట్టమని అడుగుదాం. మన వంతు మనమిద్దాం, తక్కువైంది పూర్వ విద్యార్థులు కలపాలి. ఘటోత్కచుడి మాయలు చూడటానికి కుర్చీ ఎందుకు? ఖాళీ కుర్చీల కన్నా నిండిన చాపలే నటులకు బలం.